అయెండే ఉల్కాశకలం నల్లగా ఉందంటే అంతా కర్బనమేనా?

మీ ప్రశ్న ఇది: అయెండేను కర్బన ఉల్కాశకలం అంటారు, చూడటానికీ నల్లగా ఉంటుంది, మరి లోపల ఉన్నది బొగ్గులాంటి పదార్థమేనా, అయస్కాంతం ఎందుకు సరిగా అంటుకోదు?

బొగ్గు కాదండి. దాని బరువులో కర్బనం సుమారు 0.3 శాతమే. మిగతాది దాదాపు అంతా సిలికేటు రాయి, అంటే సిలికాన్, ఆక్సిజన్ ప్రధానంగా ఉన్న ఖనిజాల రాయి. సున్నంలో చిటికెడు మసి కలిపినా మొత్తం బూడిదరంగుకు తిరుగుతుంది కదా. ఇక్కడ కూడా సన్నని పొడిలో కలిసిన కొద్దిపాటి కర్బనం, ఇనుప ఖనిజాలు కలిసి ఆ నలుపు తెచ్చాయి. నిజంగా కర్బనం, నీరు పట్టి ఉంచిన బంకమన్నులాంటి ఖనిజాలు కావాలంటే 2017లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడిన రాయిని చూడాలి.

అయెండే 1969 ఫిబ్రవరి 8న మెక్సికోలోని చివావా రాష్ట్రంలో పడింది. రెండు టన్నులకు పైగా దొరకడంతో ప్రపంచమంతటా ప్రయోగశాలలకు చేరింది. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మా ఆచార్యులు దాని పలుచని కోత ఒకటి చూపించారు. 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజుపలకకు అతికించిన రాయి అది. ధ్రువిత కాంతితో చూపే పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెట్టగానే కాండ్రూల్స్ అనే గుండ్రని గుళికలు కనిపించాయి. అవి ఒకప్పుడు అంతరిక్షంలో తేలిన కరిగిన రాతి బిందువులు. వాటిలో మెగ్నీషియం నిండిన ఆలివిన్ అనే ఖనిజం నీలం, గులాబీ, పసుపు రంగుల్లో మెరిసింది, పక్కనే పైరాక్సీన్ అనే మరో ఖనిజం. చుట్టూ ఉన్న పొడిలోనూ ఎక్కువగా ఆలివినే, కానీ దానిలో ఇనుము చాలా ఎక్కువ. ఒకే ఖనిజం వెంట్రుకవాసి దూరంలో రెండు రకాల రసాయన కూర్పుతో నిలిచింది. ఆ రాయి కరగడం అటుంచి, చాలాకాలం బాగా వేడెక్కినా ఆ తేడా చెరిగిపోయేది.

నన్ను కట్టిపడేసినవి మాత్రం తెల్లటి మచ్చలు. వాటిలో మెలిలైట్, స్పినెల్, అనార్థైట్, టైటానియం కలిసిన పైరాక్సీన్ అనే ఖనిజాలు ఉంటాయి. స్పినెల్ రేణువులు ధ్రువిత కాంతిని మార్చవు కనుక, మైక్రోస్కోపులో రాయి పెట్టే బల్లను ఎటు తిప్పినా చీకటిగానే ఉండిపోయాయి. సూర్యుడి చుట్టూ ఉన్న వేడి వాయువు చల్లబడుతుంటే మొదట గట్టిపడేవి కాల్షియం, అల్యూమినియం సమ్మేళనాలు. అందుకే ఈ మచ్చలు అంత పాతవి, వాటి వయసు 456.7 కోట్ల సంవత్సరాలు. సౌరకుటుంబంలోనే పుట్టి, మనం వయసు కట్టగలిగిన ఘనపదార్థాల్లో ఇవే అతి పాతవి. 1970ల్లో అమెరికాలోని విశ్వవిద్యాలయం కాల్టెక్‌లో వాసర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బృందం వీటిలో మెగ్నీషియం-26 (కాస్త బరువైన రకం మెగ్నీషియం) ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందని కనుగొంది. అల్యూమినియం ఎక్కువున్న చోటే ఆ అదనమూ ఎక్కువ. అంటే ఈ ఖనిజాలు ఏర్పడినప్పుడు వాటిలో అల్యూమినియం-26 సజీవంగా ఉంది. ఇది రేడియోధార్మిక అల్యూమినియం, విఘటన చెంది మెగ్నీషియం-26గా మారుతుంది. దాని అర్ధాయువు (సగం విఘటన చెందే కాలం) ఏడు లక్షల ఏళ్లే కాబట్టి, అది పుట్టిన కొద్దికాలానికే ఈ మచ్చలూ గట్టిపడి ఉండాలి.

ఇక అయస్కాంతం సంగతి. అయెండేలో ఇనుము తక్కువేమీ కాదు, కానీ చాలావరకు ఆక్సిజన్‌తోనో గంధకంతోనో కలిసిపోయింది. లోహరూపంలో ఉన్నది బహు స్వల్పం. అయస్కాంతానికి అంటే ఇనుప ఆక్సైడు ఖనిజం మాగ్నెటైట్ కొంత ఉంది కనుక బలహీనంగా లాగుతుంది. 1976లో గుజరాత్‌లోని ధజాలాలో పడినది హెచ్ తరగతి రాయి, అంటే ఇనుము ఎక్కువున్న రాతి ఉల్కాశకలం. దానిలో నికెల్ కలిసిన ఇనుము రేణువులుగా ఉంటుంది, అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి అయస్కాంతం సరిగా అంటుకోలేదన్న ఒక్క కారణంతో ఉల్కాశకలం కాదనుకుని ఏ ముక్కనూ పక్కన పడేయకండి.