ప్యాటర్సన్ మ్యూజియంలో ఉన్నది అమెరికా నేవీ మొదటి సబ్‌మెరైనేనా?

కాదు, న్యూజెర్సీలోని ప్యాటర్సన్ మ్యూజియంలో ఉన్నవి జాన్ ఫిలిప్ హాలండ్ అంతకు ముందే కట్టిన రెండు ప్రయోగ పడవలు. ఐర్లండ్‌లో పుట్టిన హాలండ్ ఈ ఊళ్లో స్కూలు టీచర్. సముద్రం పక్కన లేని మిల్లుల ఊరికి సబ్‌మెరైన్ చరిత్ర దక్కింది అందుకే.

మొదటి పడవ సుమారు 14 అడుగులది, ఒక్క మనిషే పడతాడు. 1878లో పసాయిక్ నదిలో పరీక్షించారు. ఇంజిన్ మొరాయిస్తే పక్క పడవ నుంచి గొట్టంతో ఆవిరి పంపి నడిపారు! పరీక్షలయ్యాక హాలండ్ పనికొచ్చే భాగాలు తీసేసుకుని, పడవను ఆ నదిలోనే ముంచేశాడు. 1927లో పైకి తీశారు. అలా ముంచేయడం వల్లే అది తుక్కు కాకుండా మిగిలిందనిపిస్తుంది.

రెండోది 31 అడుగుల ‘ఫీనియన్ రామ్’ (1881). డబ్బు పెట్టిన ఐరిష్ విప్లవకారులే 1883లో దాన్ని దొంగచాటుగా తీసుకుపోయారు, కానీ నడపలేకపోయారు.

చాలామంది వీటిని ‘యూఎస్ఎస్ హాలండ్’ అనుకుంటారు. 1900లో నేవీ కొన్నది దాన్నే. అది ఎప్పుడో తుక్కు కింద పోయింది.