ఆ క్రియాపదం మార్చు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వ్యాసానికే కోఎంజైమ్ క్యూ10 లాంటి విషయం, మన కణాల్లోనే ఉండి గుళికలుగానూ అమ్ముడయ్యే పదార్థం, ఎత్తుకున్నందుకు చాలా సంతోషం. అయితే మొదటి వాక్యం దగ్గరే నా కాలు ముందుకు పడలేదు. "క్యూ10 కణాలకు శక్తినిస్తుంది" అని రాశావు. ఆ "ఇస్తుంది" తప్పమ్మా.

ఇవ్వడానికి దాని దగ్గర శక్తేమీ లేదు. శక్తి వచ్చేది మనం తిన్న పిండిపదార్థాల నుంచి, కొవ్వుల నుంచి. అవి కణంలో విడిపోతున్నప్పుడు వాటి ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా, అంటే కణంలో శక్తి తయారుచేసే చిన్న భాగాల, లోపలి పొరకు చేరతాయి. ఆ పొరలో పెద్ద పెద్ద ప్రోటీన్ల గుంపులు ఉంటాయి. మొదటి గుంపు, రెండో గుంపు ఎలక్ట్రాన్లను అందుకుంటాయి కానీ మూడోదానికి నేరుగా అందించలేవు. మధ్యలో ఒకరు మోయాలి. క్యూ10 చేసేది ఆ మోత పని. ఒక్కో విడతకు రెండు ఎలక్ట్రాన్లు, వాటితో పాటు రెండు ప్రోటాన్లు ఎత్తుకుని, కొవ్వు పొరలోనే జరుగుతూ వెళ్లి మూడో గుంపు దగ్గర దించి, మళ్లీ బరువు కోసం తిరిగొస్తుంది. దానికి ఐసోప్రీన్ అనే కర్బన ముక్కలు పది కలిసిన పొడవాటి తోక ఉంది. పేరులోని 10 అదే. ఆ తోక నీటిలో కలవదు, కొవ్వులో హాయిగా కదులుతుంది.

ఎలక్ట్రాన్లు ఇలా చేతులు మారుతూ చివరికి మనం పీల్చిన ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. దారిలో వదిలిన శక్తితో ఒకటి, మూడు, నాలుగు గుంపులు ప్రోటాన్లను పొర అవతలికి తోస్తాయి. ఆనకట్ట వెనక నీరు నిలిచినట్టు అవి అక్కడ నిలుస్తాయి. వెనక్కి వచ్చే దారిలో ఒక ఎంజైమ్‌ను టర్బైన్‌లా తిప్పుతాయి, అప్పుడు కణం తన పనులకు వాడుకునే ఏటీపీ అనే శక్తి అణువు తయారవుతుంది. ఈ ఆలోచనను బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో చెబితే చాలామంది శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. 1978లో దానికే నోబెల్ వచ్చింది. నీ వ్యాసంలో ఆనకట్ట లేదు, "బ్యాటరీ" ఉంది. బ్యాటరీ తీసెయ్. అది దాచుకునేది, ఇది మోసేది.

ఇంకోచోట "విటమిన్" అనేశావు. మన శరీరం దీన్ని తనే తయారు చేసుకుంటుంది కాబట్టి విటమిన్ లాంటిదే తప్ప విటమిన్ కాదు. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే కొంత దూరం ఇదీ తయారవుతుంది. అందుకే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు వాడేవాళ్ల రక్తంలో ఇది తగ్గుతుంది. ఆ మందులతో కొందరికి వచ్చే కండరాల నొప్పులు క్యూ10 తీసుకుంటే తగ్గుతాయా అంటే పరీక్షలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. అలాగే రాయి.

1957లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్రేన్ దీన్ని మొదట వేరు చేసింది ఎద్దు గుండె కణాల నుంచి. క్షణం ఆగని కండరంలో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి కదా! ఇంత మంచి సంగతిని ఎందుకు వదిలేశావు?

నన్ను బాధపెట్టింది మాత్రం చివరి పేరా. గుండె వైఫల్యం ఉన్న 420 మందిపై జరిగిన క్యూ10 పరీక్ష గురించి రాశావు. 2014లో అచ్చయిన ఆ ఫలితాలు ఆశ కలిగించేవే. కానీ పార్కిన్‌సన్స్ (కదలికలను దెబ్బతీసే మెదడు జబ్బు) రోగులు 600 మందితో జరిగిన పరీక్షలో రోజుకు 1200, 2400 మిల్లీగ్రాముల క్యూ10 ఇచ్చి చూస్తే ఏ మేలూ కనిపించలేదన్న సంగతి రాయలేదు. రెండూ పక్కపక్కనే ఉండాలి.

చిన్నప్పుడు నేనూ ఇలాగే "శక్తినిచ్చే గుళిక" అని ఒక వ్యాసం రాశాను. ఒకావిడ ఉత్తరం రాసింది. గుండె జబ్బుకు వార్ఫరిన్ అనే, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు వాడుతోందట, నా వ్యాసం చదివి క్యూ10 గుళికలు మొదలుపెట్టిందట, డాక్టరుకు చెప్పలేదట. క్యూ10 వార్ఫరిన్ పనిని తగ్గించవచ్చు, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరగవచ్చు. ఆ ముక్క నా వ్యాసంలో లేదు. వెంటనే డాక్టరును కలవమని జవాబు రాసి, ఆమె కలిశానని చెప్పేవరకు టెన్షన్‌తో గడిపాను.

ఆ వార్ఫరిన్ వాక్యం నీ వ్యాసంలో చివర కాదు, పైనే పెట్టు. "ఇస్తుంది" కొట్టేసి "మోస్తుంది" అని రాసి, అక్కడి నుంచి మొత్తం మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు