టెక్ సందేహాలు: ఐ7 స్టిక్కర్ చూసి మురిసిపోకండి

ప్రశ్న: మా అమ్మాయికి బీటెక్ సీఎస్‌ఈలో సీటొచ్చింది. కొత్త ల్యాప్‌టాప్ కొనే స్తోమత ఇప్పుడు లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో రెండు సెకండ్ హ్యాండ్‌వి చూశాం. ఒకటి ఐ7, 14 వేలు. ఇంకోటి ఐ5, 22 వేలు. ఐ7 పెద్దది కదా, పైగా తక్కువకొస్తోంది. తీసుకోవచ్చా? రెండింటి ఫొటోలూ పంపుతున్నాను.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఐ7 వద్దండి. ఫొటోలో దాని ప్రాసెసర్ పూర్తి పేరు ఐ7-4600యూ అని ఉంది. రెండోది ఐ5-8250యూ. గీత తర్వాత వచ్చే మొదటి అంకె చూడండి: అది 4, ఇది 8. అదే జనరేషన్. (పదో జనరేషన్ నుంచి మొదటి రెండంకెలు చూడాలి. 1135 అంటే పదకొండోది.) ఆ ఐ7 వచ్చింది 2013లో. అందులో ఉన్నవి రెండే కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు. ఈ ఐ5లో నాలుగు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుంది ఐ7 సంగతి.

అసలు చిక్కు వేగం కూడా కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే. పాతవాటిలో కూడా షాపువాళ్లు ఏదో తిప్పలు పడి 11 ఎక్కించి ఇస్తారు, బాగానే నడుస్తుంది కూడా. కానీ అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. నాలుగేళ్ల చదువుకి ఆ టెన్షన్ ఎందుకు?

స్టిక్కర్‌ని మాత్రం అసలు నమ్మకండి. ఎవరైనా ఊడదీసి ఇంకోటి అతికించవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ నొక్కితే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో, డిస్క్ ఎస్ఎస్‌డీయో హార్డ్ డిస్కో అన్నీ కనిపిస్తాయి. హార్డ్ డిస్క్‌ది బాగా నెమ్మది, ఊరికే ఇచ్చినా వద్దు. ర్యామ్ 8 జీబీ ఉంటే మొదటి ఏడాది సీ, పైథాన్‌లకు సరిపోతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో దాకా వచ్చేసరికి 16 కావాలి. అందుకే ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందా, బోర్డుకే అతికించేశారా అని ఇప్పుడే అడగండి.

ఇక బ్యాటరీ. "మూడు గంటలొస్తుంది సార్" అన్న మాట పక్కన పెట్టండి. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరిచి, పవర్ అనే మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు అతికించి టైప్ చేయండి. ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని రెండు మాటలూ కలిపి కొట్టండి. అన్నీ ఇంగ్లీషులోనే. ఎంటర్ నొక్కగానే రిపోర్ట్ ఫైలు ఎక్కడుందో కిందే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ 60,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 36,000 ఉంటే బ్యాటరీలో మిగిలింది 60 శాతమే. అంతకంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు తీసేసి బేరమాడండి. తర్వాత ఛార్జర్ పీకేసి, వెలుతురు పూర్తిగా పెంచి, ఇరవై నిమిషాలు వీడియో నడపండి. రిపోర్ట్ బాగుండి, ఇక్కడ మాత్రం శాతం జారుడుబండ మీద జారినట్టు పడిపోతుంటే వదిలేయండి. చదునైన బల్ల మీద పెట్టినప్పుడు అడుగుభాగం ఆనకుండా ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా బ్యాటరీ వాచిందని అనుమానించాలి. అది డబ్బు సంగతి కాదు, ప్రమాదం.

నేను దెబ్బతిన్నది మాత్రం వీటిలో వేటివల్లా కాదు. కొన్నేళ్ల కిందట మా మేనల్లుడి కోసం ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, ఒకాయన దగ్గర ల్యాప్‌టాప్ కొన్నాను. మెరిసిపోతోంది, గీత కూడా లేదు. వారం తర్వాత శుభ్రంగా ఉంటుందని రీసెట్ చేశాను. వైఫై కలపగానే ఒక కంపెనీ పేరు తెర మీదికొచ్చి, ఉద్యోగి ఐడీతో లాగిన్ అవ్వమంది. ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేసినా అదే పేరు. అమ్మినాయన ఫోన్ స్విచాఫ్.

ఈ బజారులో చాలా ల్యాప్‌టాప్‌లు కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసినవే. అందులో తప్పేం లేదు. నిజానికి అదే ధరలో ఇంట్లో వాడకానికి చేసిన మోడళ్ల కంటే లాటిట్యూడ్, ఎలైట్‌బుక్, థింక్‌ప్యాడ్ లాంటి ఆఫీసు మోడళ్లే గట్టివని నా అభిప్రాయం. కాకపోతే కంపెనీ తన జాబితాలోంచి ఆ మెషీన్‌ని తీసేసి ఉండాలి. ఆ పేరు ల్యాప్‌టాప్‌లో ఉండదు, మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉంటుంది. కాబట్టి మీరెన్నిసార్లు ఫార్మాట్ చేసినా పోదు. అందుకే డబ్బు ఇవ్వకముందే షాపులో రీసెట్ చేయించండి. అరగంటో ముప్పావుగంటో పడుతుంది, ఈలోగా బయట చాయ్ తాగి రండి. తర్వాత మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మీ సొంత అకౌంట్‌తో లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో చూడండి. బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి కూడా వెళ్లి చూడాలి. ఆన్ చేస్తూనే డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1 నొక్కండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే తీయించాకే బేరం.

కీబోర్డ్‌లో ప్రతి కీ, ప్రతి పోర్టు, కెమెరా, మైకు, మూత బిగువు ఎలాగూ చూస్తారు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోవడం మర్చిపోకండి. పోయిన మొబైళ్లకు ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ ఉంది, ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబర్ కొడితే తెలుస్తుంది. వైఫై ల్యాప్‌టాప్‌లకు ఐఎంఈఐ ఉండదు కాబట్టి ఆ సౌకర్యం లేదు. రేపు దొంగ సొత్తని తేలితే మీ చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లే.

ప్రశ్న: 2017 మ్యాక్‌బుక్ ఎయిర్ తక్కువకి ఇస్తామంటున్నారు. యాపిల్ కదా, పదేళ్లు పనిచేస్తుందంటున్నారు.
– ఒక డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: పనిచేస్తుందమ్మా, కానీ దానికి మ్యాక్ ఓఎస్ మాంటెరీ దగ్గరే ఆగిపోయింది. అంటే 2021 నాటి వెర్షన్. కొత్త యాప్‌లు ఒక్కొక్కటే నీ వల్ల కాదంటాయి. మ్యాకే కావాలంటే ఇంకొంచెం కూడబెట్టి, 2020 చివర్లో వచ్చిన ఎం1 ఎయిర్ చూడండి. అందులో ర్యామ్, స్టోరేజ్ తర్వాత పెంచుకోలేరు, ఉన్నదానితోనే సర్దుకోవాలి. అమ్మేవాళ్లు మీ ఎదురుగానే ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయి, మొత్తం చెరిపేసి ఇవ్వాలి. పాత యజమాని అకౌంట్ అడిగే యాక్టివేషన్ లాక్ ఉండిపోతే చేతికొచ్చేది ఖరీదైన పేపర్‌వెయిట్.

ప్రశ్న: నా పాత విండోస్ ల్యాప్‌టాప్ అమ్ముతున్నాను. ఫొటోలన్నీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను. చాలా?
– ఒక ఉద్యోగి, కరీంనగర్

జవాబు: చాలదు. అలా తీసేసినవి చాలావరకు తిరిగి రప్పించవచ్చు. కావలసినవి బయటికి కాపీ చేసుకుని, సెట్టింగ్స్‌లో రీసెట్ దిస్ పీసీకి వెళ్లి, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. అక్కడితో ఆగకుండా తర్వాత వచ్చే చేంజ్ సెట్టింగ్స్ నొక్కి, క్లీన్ డేటా కూడా ఆన్ చేయండి. గంటలు పట్టొచ్చు, ఛార్జర్ పెట్టే ఉంచండి. ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ అయితే వాళ్ల ఐటీ విభాగానికి చెప్పి జాబితాలోంచి తీయించాకే అమ్మండి. పైన మా మేనల్లుడి కథ చదివారుగా.