ఏఐ వేసిన షెడ్యూలు నమ్మొచ్చా?

ప్రశ్న: తిరుపతి కరకంబాడి రోడ్డులో మూడంతస్తుల అపార్ట్‌మెంట్ పని చూస్తున్నాను. చాట్‌జీపీటీ వేసిచ్చిన షెడ్యూల్లో స్లాబుకూ స్లాబుకూ మధ్య 12 రోజులే ఉంది. మేస్త్రీ కుదరదంటున్నాడు. ఓనరు మాత్రం ఆ కాగితమే పట్టుకుని కూర్చున్నారు. ఏం చెయ్యాలి?
– సైట్ ఇంజనీర్, తిరుపతి

జవాబు: సెంట్రింగ్ సామాను (స్లాబు పోసేందుకు కింద కట్టే పలకలు, జాకీలు) ఒక్క సెట్టే ఉంటే మేస్త్రీ మాటే నిజం. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబు కింద జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీములకైతే 6 మీటర్ల వరకు 14, ఆపైన 21 రోజులు. ఇవి ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటు లెక్కలు. ఫ్లైయాష్ లాంటివి కలిపిన పీపీసీ సిమెంటుకు బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఇంకా ఆగాలి. 14 రోజుల దాకా బీముల కింద నుంచి తియ్యకూడని సామానును పైకెక్కించి, కమ్మీ కట్టి, కరెంటు పైపులు వేసి, 12వ రోజుకు కాంక్రీటు పోయడం జరిగే పని కాదు. రెండో సెట్టు అద్దెకు తెస్తే గడువు తగ్గుతుంది. అప్పుడు కూడా కింది అంతస్తు జాకీలు కదపకూడదు. ఆ అద్దె బడ్జెట్లోకి ఎక్కాలి.

మీ దగ్గర ఎన్ని సెట్లున్నాయో ఏఐకి తెలియదు. తెలియని చోట ఆగి అడగడం తక్కువ, తోచిన అంకె నింపేయడం ఎక్కువ. అందుకే పనుల జాబితా మీరే ఇవ్వండి. ఏ పని ముగిస్తే ఏది మొదలవుతుందో, ఎంతమంది కూలీలున్నారో, ఏ సిమెంటో రాయండి. సంక్రాంతి, మే నెల గంగ జాతర, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కూడా చెప్పండి. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూశాం కదా, ఆ నెలలో పునాది తవ్వకం పెట్టుకోవద్దు. చివర్లో ‘నువ్వు సొంతంగా ఊహించుకున్నవన్నీ విడిగా రాయి’ అని అడగండి. అసలు తప్పులు ఆ జాబితాలోనే దొరుకుతాయి.

ప్రతి పనికీ మూడు గడువులు తీసుకోండి. గోడకట్టు అన్నీ కుదిరితే 6 రోజులు, మామూలుగా 8, వానొస్తే 16 అనుకుందాం. మామూలు గడువును నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 9 వస్తుంది. ఈ లెక్కలు చాట్‌లో చేయించకుండా ఎక్సెల్‌లో సూత్రాలతో పెట్టండి. తర్వాత మొదటి స్లాబును 5 రోజులు ఆలస్యం చేసి చూడండి. ఆఖరి తేదీ కదలకపోతే పనుల మధ్య లంకె ఎక్కడో తెగిందన్నమాట.

ప్రశ్న: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ప్లానింగ్ క్లర్కుని. రిపోర్టులన్నీ ఏఐ చేసేస్తే నా ఉద్యోగం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రోజువారీ రిపోర్టులు, మీటింగు నోట్సు, గుర్తుచేసే మెయిళ్లు టైపు చేసే పని తప్పకుండా తగ్గుతుందమ్మా. అది దాచి లాభం లేదు. కానీ రేపు ఎన్ని లారీలొస్తాయో ఏఐ అంచనా వెయ్యాలంటే గేటు దగ్గర సరైన లెక్క ఉండాలి. ఆ లెక్కను చేతిలోకి తీసుకోండి. ప్రతి లారీకీ వచ్చిన సమయం, దింపిన సమయం, బరువు, తిరగ్గొట్టిన కాయ, బ్రిక్స్ (తీపి కొలత) నమోదు కావాలి. ఒకరు తోతాపురి అనీ, ఇంకొకరు బెంగళూరా అనీ రాస్తే ఒకే కాయ రెండు రకాలుగా లెక్కకొచ్చి అంచనా పాడవుతుంది. తెలుగూ ఇంగ్లిషూ కలిసిన మీటింగు ఆడియో నుంచి తీసిన నోట్సులో అంకెలు, తేదీలు, పేర్లు తప్పకుండా సరిచూడండి. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు మాత్రం ఉచిత యాప్‌లలో పెట్టొద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలాంటి వివరాల కోసమే. ‘రైతు 1, రైతు 2’ అని మార్చి పెడితే పని జరిగిపోతుంది.

ప్రశ్న: పిటిషన్లకు పాత తీర్పులు ఏఐతో వెతకొచ్చా?
– జూనియర్ న్యాయవాది, చిత్తూరు

జవాబు: వెతకడానికి సరే. కానీ ఏఐ లేని తీర్పులను కేసు నంబరుతో సహా పుట్టించగలదు. అలాంటివి దాఖలు చేసినందుకే 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. పూర్తి తీర్పును కోర్టు వెబ్‌సైటులో తెరిచి, మీకు కావలసిన పేరా చదివాకే ఉదహరించండి.