స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరితే విశాఖ రొయ్యల ఎగుమతి పెరుగుతుందా?

పెరగొచ్చు. ఇలాంటి ఒప్పందంలో దేశాలు ఒకరి సరుకు మీద మరొకరు దిగుమతి సుంకం తగ్గించుకుంటాయి. కానీ అంతకుముందు కొనే దేశంలో మన సరుకు మీద చెప్పుకోదగ్గ సుంకం ఉండి ఉండాలి, సరుకు పుట్టింది మన దేశంలోనే అని కాగితంతో చూపించగలగాలి.

కొనేవాడు చూసేది సుంకం కలిపాక పడే ధరే. ఐరోపా సమాఖ్యతో వియత్నాం ఒప్పందం 2020 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. వాళ్ల ఫ్రోజెన్ టైగర్ రొయ్యకు సుంకం వెంటనే సున్నా అయింది, మన రొయ్యకు మాత్రం 4.2 శాతం అలాగే ఉండిపోయింది. అంటే లక్ష డాలర్ల కంటైనర్ మీద 4,200 డాలర్ల తేడా. మార్జిన్ పలచగా ఉండే ఈ వ్యాపారంలో ఆర్డరు చెయ్యి జారిపోవడానికి అది చాలు.

ఇక ఆ కాగితం, అంటే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. చాలామంది తడబడేది ఇక్కడే. మన చెరువులో పెంచిన రొయ్యకు పెద్దగా పేచీ ఉండదు. బయటి దేశం నుంచి స్క్విడ్ (ఒక రకం సముద్రజీవి) తెప్పించి, కడిగి, ఫ్రీజ్ చేసి, డబ్బా మార్చి పంపితే అది మన సరుకు అయిపోదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకున్న ఒప్పందంలో సాధారణ నియమం ప్రకారం, బయటి ముడిసరుకు వాడితే ఎఫ్‌ఓబీ ధరలో (సరుకు ఓడ ఎక్కేవరకు పడే ధర) కనీసం 35 శాతం విలువ ఇక్కడిదై ఉండాలి, ఆరంకెల టారిఫ్ కోడ్ (సుంకం వేయడానికి సరుకు రకానికి ఇచ్చే సంఖ్య) కూడా ముడిసరుకు కోడ్ నుంచి మారాలి.

సుంకం పోతే తనిఖీలూ పోతాయనుకోవడం పొరపాటు. యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన చెరువు రొయ్యల్లో ఐరోపా తీసే శాంపిళ్లు 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెరిగాయి. ఏ సుంకం రాయితీ కూడా దాన్ని తగ్గించదు.