ట్రయల్ నర్సుగా చేరేముందు

చి. స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నెల్లూరులో క్యాన్సర్ మందుల ట్రయల్స్‌కి రీసెర్చ్ నర్సుగా చేరుతున్నానన్నావు, సంతోషం. కీమో వార్డులో చెయ్యి తిరిగినంత మాత్రాన ఈ పని వచ్చేసినట్టు కాదు మే. ముందు జీసీపీ, అంటే ట్రయల్స్ సరిగ్గా నడిపే నియమాల శిక్షణ సర్టిఫికెట్ తీసుకో. ఎవరికి ఏ పనో రాసే డెలిగేషన్ లాగ్‌లో నీ పేరు, నీకప్పగించిన పనులు ఎక్కి, పెద్ద డాక్టరు సంతకం పడేదాకా ట్రయల్ పేషెంటుకి సూది కూడా గుచ్చొద్దు.

అన్నిటికన్నా కష్టం పేషెంటు సమ్మతి తీసుకోవడం. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో తెల్లారి బస్సెక్కి వచ్చినాయన అన్ని పేజీల ఫారం చూడగానే "సంతకం యాడ పెట్టాలమ్మా?" అంటాడు. ఆ పెన్ను అక్కడే ఆపు. వివరించేది డాక్టరు, బుర్రకెక్కిందో లేదో కనిపెట్టాల్సింది నువ్వు. "అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు. "ఇంటికెళ్లి మీ ఆవిడకి ఏం చెప్తారు?" అని అడుగు. కొత్త మందో మామూలు మందో కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుందని, ఎప్పుడైనా మానుకోవచ్చని, మానుకున్నా మామూలు వైద్యం ఆగదని ఆయన నోటే రావాలి. చదువు రానివాళ్లయితే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి మాట నుంచీ పక్కనుండాలి. వేలిముద్ర పడ్డాక కారిడార్లోంచి పిలుచుకొచ్చినాయన సాక్షి కాడు. సమ్మతికి ముందు ట్రయల్ కోసం చుక్క రక్తం తీసినా తప్పే.

రక్తంలో మందు ఎంతుందో చూసే శాంపిల్స్‌కి రెండో చేతికి వేరే క్యాన్యులా పెట్టు. మందు ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే లెక్క దొంగ లెక్క అవుతుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబును 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చెయ్యి, కుదిపావో రక్తకణాలు పగులుతాయి. మందిచ్చిన 2 గంటలకి తీయాల్సింది 7 నిమిషాలు ఆలస్యమైతే ఆ 7 నిమిషాలూ రాయి. కొట్టివేత ఒక్క గీతే, పక్కన పొట్టి సంతకం, తేదీ. వైట్‌నర్ మన బల్ల మీదే ఉండకూడదు.

డాక్టరు ముందు అందరూ "బాగానే ఉండాను సార్" అంటారు, బయటికొచ్చాక నీకు చెప్తారు. విరేచనాలన్నారనుకో, మామూలుకన్నా రోజుకి 4 లోపు ఎక్కువైతే తీవ్రతలో గ్రేడ్ 1, 4 నుంచి 6 అయితే 2, 7 గానీ అంతకు మించి గానీ అయితే 3. అందుకని మందు మొదలుపెట్టకముందే మామూలుగా ఎన్నో అడిగి రాసుకో, లేకపోతే తర్వాత గ్రేడు వేయలేవు. 100.4 జ్వరం చూస్తే పారాసిటమాల్ మింగి పడుకోకుండా వెంటనే ఫోన్ చేయమను. ఊళ్లో ఏ నర్సింగ్ హోములో చేరినా అది సీరియస్ ఈవెంటే. తెలిసిన క్షణాన డాక్టరు చెవిన వెయ్యి, 24 గంటల్లో రిపోర్టు పోవాలి. కషాయాలు, ఆకుపసరుల సంగతి కోప్పడకుండా అడుగు, కోప్పడితే దాస్తారు.

మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా తెమ్మను. రోజుకి 2 చొప్పున 56 ఇచ్చి, 21 రోజులకి చూస్తే 14 మిగలాలి. 20 ఉంటే మూడు రోజుల మందు ఎటు పోయిందో కనుక్కో.

ఇంకోటి, చివరి శాంపిల్ సాయంత్రం 6కి ఉంటే వాళ్లూరి ఆఖరి బస్సు ఎన్నింటికో సమ్మతి రోజే అడుగు. బస్సు కోసం లేచిపోయినాయన శాంపిల్ మళ్లీ రాదు.