కౌన్సెలింగ్‌కి రెండుసార్లు వెళ్ళి మానేసిన తమ్ముడి గురించి

మీ తమ్ముడు అమెరికా ఆర్మీ నుంచి బయటికొచ్చి ఏడాదైందనీ, రాత్రుళ్ళు నిద్రపోడనీ, కౌన్సెలింగ్‌కి రెండుసార్లు వెళ్ళి "ఆవిడకి మన సంగతులేం తెలుస్తాయక్కా" అని మానేశాడనీ రాశారు. నేను అక్కడ మాజీ సైనికుల ఆసుపత్రిలో హెల్త్ సైకాలజిస్టుగా కొన్నేళ్ళు చేశాను. అతను అన్నది సాకు కాదండీ.

మొదటి ఏడాది నా దగ్గరికి ఒక నల్లజాతి పెద్దాయన వచ్చేవాడు, వియత్నాంలో పోరాడినవాడు (వివరాలు కొంచెం మార్చాను). షుగర్ అదుపులో లేదు. ఏవి తినకూడదో రాసున్న కాగితం చేతికిచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఆదివారం చర్చిలో వడ్డించేది మా వదిన. వద్దంటే వారం రోజులు మాట్లాడదు" అన్నాడు. మా మేనత్త దగ్గర మారు అన్నం వద్దనడం గుర్తొచ్చింది. ఇక కాగితం వదిలేసి చర్చి భోజనాల గురించే మాట్లాడుకున్నాం. మూడు నాలుగు వారాలకి, రాత్రి మూడుసార్లు లేచి తలుపు గడియ చూసుకుంటానని తనే చెప్పాడు. అంతకుముందు ఫారం చూసి "పీడకలలొస్తాయా" అని అడిగితే రావన్న మనిషి!

 

మీ తమ్ముడితో మళ్ళీ మానసిక వైద్యం అనకండి. వీఏ (అక్కడి మాజీ సైనికుల శాఖ) ఆసుపత్రుల్లో మామూలు డాక్టరు క్లినిక్‌లోనే సైకాలజిస్టు కూడా ఉంటారు. నిద్ర పట్టట్లేదనో, నడుం నొప్పనో వెళ్తే చాలు, చాలాసార్లు అదే రోజు చూస్తారు. నిద్రకి మాత్రల్లేకుండా అలవాట్లూ ఆలోచనలూ మార్చే చికిత్స, సీబీటీ-ఐ అంటారు, అది అడగమనండి. నచ్చకపోతే వేరేవాళ్ళని చూపించమని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. 2013లో డీఎస్ఎం-5 (మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా డాక్టర్లు వాడే పుస్తకం)తో పాటు 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి వచ్చింది. "మీ ఇంట్లోవాళ్ళు దీన్ని ఏమంటారు, ఎందుకొచ్చిందనుకుంటారు" లాంటివి అడుగుతారు. అది చేయమని మీ తమ్ముడే అడగొచ్చు.

యుద్ధప్రాంతంలో పనిచేసి ఉంటే వెట్ సెంటర్ (ఆసుపత్రికి విడిగా మాజీ సైనికులకి కౌన్సెలింగ్ ఇచ్చే చోటు) ఇంకా నయం. 1979 నుంచి ఉన్నాయి, పైసా తీసుకోరు. అతను ఒప్పుకోకుండా అక్కడి రికార్డులు ఆసుపత్రికి వెళ్ళవు. అక్కడ కౌన్సెలర్లలో మాజీ సైనికులు చాలామంది. ఇంట్లోవాళ్ళతోనూ మాట్లాడతారు.

తెలుగు కౌన్సెలరే కావాలని మాత్రం పట్టుబట్టకండి. దొరకడం కష్టం. దొరికినా "మీదే ఊరు, నాన్నగారేం చేస్తారు" అని మొదలైతే మీవాడు నోరు విప్పడు!

చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే ఇవేవీ చూడకుండా 988కి (అమెరికాలో ఇలాంటప్పుడు సాయం చేసే నంబరు) ఫోన్ చేసి, మాజీ సైనికుల లైను కోసం 1 నొక్కమనండి. పక్కనున్నవాళ్ళు చేసినా మాట్లాడతారు.